గునుగు: పేరు, రూపము, ఉపయోగము

బతుకమ్మ పండుగను గూర్చి వ్రాసినవారందరును తంగేడు, గునుగు అను రెండు పూవులను తప్పక పేర్కొందురు. ఆ రెంటిలో తంగేడునకు తగిన గౌరవము లభించినది. 2014లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మను రాష్ట్రపు పండుగగను, తంగేడును రాష్ట్రపుష్పముగను ప్రకటించినది. గునుగు మాత్రము మన వ్యాసములలో ‘ఒక గడ్డిపూవు’ అను మాటతో ముగిసిపోవుచున్నది. పాటలను సేకరింప పల్లెలకు పోవు మన విద్యార్థులు పాడిన స్త్రీ పేరు, ఊరు, వయస్సు వ్రాసికొందురు. పాదము చివర ఉయ్యాల వచ్చినదా, చందమామ వచ్చినదా అని గుర్తింతురు. ఆమె చేతిలోని పూవు ఎచ్చట మొలచినది, ఎప్పుడు కోసినది, దాని ఆకు తినదగినదా అని అడుగరు. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు జానపదగేయ సాహిత్యముపై పట్టము పొందిన నాటినుండి పాటల సేకరణము మన తెలుగు శాఖలలో ఒక శాస్త్రముగా స్థిరపడినది. పూవుల సేకరణము అట్లు స్థిరపడలేదు. గునుగు చేలనుండి తొలగిపోవుచున్నది. దానిని ఎరిగినవారును క్రమముగా తగ్గుచున్నారు. కావున ఆ మొక్కను గూర్చి తెలుగు ఉపాధ్యాయులకు, పరిశోధక విద్యార్థులకు ఉపయోగపడగల విషయములను ఒకచోట చేర్చుట ఈ వ్యాసము ఉద్దేశ్యము.

మొట్టమొదట ఒక భ్రమను తొలగింపవలెను. గునుగు గడ్డి కాదు. అది తోటకూర కుటుంబమునకు చెందిన మొక్క. వృక్షశాస్త్రమున దాని పేరు సెలోషియా అర్జెంటియా. స్వీడను దేశీయుడైన లినేయసు 1753లో ప్రకటించిన గ్రంథమున ఈ పేరు పెట్టెను. ‘సెలోషియా’ అనునది మండుట అను అర్థముగల గ్రీకు పదమునుండి పుట్టినది; ‘అర్జెంటియా’ అనగా లాటిను భాషలో వెండివంటిది. మంటయు వెండియు ఒకే పేరున చేరుట వింతగా తోచవచ్చును గాని, కంకిని చూచినవారికి ఆ వింత ఉండదు. దాని కొన గులాబివన్నె, మొదలు వెండితెలుపు.

గునుగు ఏకవార్షికము. మొలచుట, పెరుగుట, పూచుట, గింజ రాల్చుట, ఎండుట, ఇవి యన్నియు ఒక్క వానకాలమును దానివెంట వచ్చు కొలది దినములను దాటవు. సారములేని గట్టుమీద జానెడెత్తు మొక్క కూడ ఒక చిన్న కంకిని వేసి తన పని ముగించుకొనును. ఎరువు పడిన చేనిలో అదియే మనిషి నడుమెత్తు పెరిగి కొమ్మకొక కంకి పెట్టును. కాండము నిటారుగా, నున్నగా, నిలువుచారలతో నుండును. ఆకులు సన్నములు, బల్లెపు మొనవంటివి. ఒకటి ఇటు, ఒకటి అటుగా మారి మారి పుట్టును. మనము పూవు అనుచున్నది నిజమునకు పూవు కాదు, వందలకొలది చిన్న పూవులు గుత్తుగా చేరిన కంకి. విడదీసి చూచినచో ఒక్కొక్క పూవున అయిదు పొడి పొరలు కనబడును. వీనిని రక్షకపత్రములని గాని ఆకర్షణపత్రములని గాని వేరుపరుప వీలులేదు గనుక శాస్త్రజ్ఞులు పరిపత్రములందురు. లోపల అయిదు కేసరములు అడుగున కలిసి ఒక చిన్న గిన్నెవలె ఏర్పడును. నడుమ పొడవైన కీలము నిలిచియుండును. కాయ పక్వమైనప్పుడు కుంకుమభరిణె మూత ఊడినట్లు అడ్డముగా తెరచుకొనును. లోన కొలది గింజలు, నల్లనివి, నిగనిగలాడునవి. తోటకూర విత్తును చేత పట్టిన వారికి ఈ బంధుత్వము వేరుగ చెప్పనక్కరలేదు.

కంకి అడుగునుండి పైకి పూచును. ఇది చిన్న విషయమువలె కనబడును గాని పండుగకు సంబంధించిన పెక్కు అంశములు దీనిపై ఆధారపడి యున్నవి. పైకొన యందలి పూవులు ఇంకను లేతవిగ, గులాబివన్నెతో నుండగా, అడుగునున్నవి ముదిరి వన్నె కోల్పోయి తెల్లబడును. ఇంకను అడుగున గింజ సిద్ధమైయుండును. ఒకే కంకిలో బాల్యము, యౌవనము, వార్ధకము మూడును చూడవచ్చును. ఆ తెలుపునకు వేరుగా రంగుపదార్థము ఏదియు లేదు. ఎండిన పొరలలోని కణములు గాలితో నిండి వెలుతురును అన్ని దిక్కులకు వెదజల్లుటచే తెలుపును, ఆ తళుకును కలుగుచున్నవి. నురుగు తెల్లగా నుండుటకును, దూది తెల్లగా నుండుటకును ఇదియే కారణము.

గులాబివన్నె విషయము వేరు. మందారము, శంఖుపూవు మొదలగు పెక్కు పూవుల ఎరుపు నీలములు ఆంథోసయనినులు అను పదార్థములవలన కలుగును. గునుగులో అవి లేవు. దీని రంగు బీటాలెయినులు అను వేరొక జాతి పదార్థములది. బీటుదుంప ఎరుపు, చంద్రకాంత పూవు రంగు, కాగితపుపూవు చెట్టు రంగు, నాగజెముడు పండు రంగు ఈ జాతివే. ఈ రెండు విధముల పదార్థములు ఒకే మొక్కలో కలిసి కనబడవు. తోటకూర, బీటుదుంప, నాగజెముడు చూపునకు ఎంత దూరమువో! వాని బంధుత్వమును పట్టి ఇచ్చు సాక్ష్యములలో ఈ రంగు ఒకటి.

ఇక పుట్టు తావు. ఆఫ్రికా, ఆసియా ఖండముల ఉష్ణదేశములందంతట గునుగు కలదు. దాని జన్మభూమిని గూర్చి వృక్షశాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. మనకు ప్రస్తుతము ఓరుగల్లు ప్రాంతము, అనగా 2016లో పలు జిల్లాలుగా విభజింపబడిన పూర్వపు వరంగల్లు జిల్లా. ఇచ్చట సంవత్సరమునకు సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురియును. అందధికభాగము జూను నుండి సెప్టెంబరు వరకే. మెరక నేలలు చెల్కలు, పల్లపు నేలలు రేగళ్ళు, వాని నడుమ చెరువులు. 1213లో రామప్పగుడిని కట్టించిన రేచర్ల రుద్రుని వంటి సేనానులు గుడితోపాటు చెరువును కూడ నిర్మించుటచే ఈ భూమికి చెరువు, కట్ట, శిఖము, మడి, మెరకచేను అను వరుస ఏర్పడినది. గునుగు స్థానము ఈ వరుసలో స్పష్టము. దానికి తడి కావలెను గాని నిలువనీరు పనికిరాదు. వరిమడిలో అది కనబడదు. ఆ మడి గట్టుమీద కనబడును. చెరువునీరు ఎక్కిన మేర శిఖములో అది నిలువదు. నీటి అంచునకు పైన, పశువులు మేయు చిత్తడి పచ్చికలో, బాటల ప్రక్కల, మక్కజొన్న, కంది, పత్తి చేల సాళ్ళ నడుమ అది పెరుగును.

కాలక్రమము గూడ అంత స్పష్టమే. మృగశిర కార్తెలో తొలివాన పడగానే నేలలో దాగిన గింజ మొలచును. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో మొక్క లేతగా, ఆకు మెత్తగా నుండును. పుబ్బ, ఉత్తర కార్తెల నాటికి కంకి వచ్చును. భాద్రపద బహుళ అమావాస్య, అనగా పెత్రమాస నాటికి చెల్కలన్నియు తెల్లబారియుండును. ఆనాడే ఎంగిలిపూవుల బతుకమ్మ. ఆశ్వయుజ శుద్ధాష్టమి నాడు సద్దుల బతుకమ్మతో పండుగ ముగియును. కార్తికమున మొక్క ఎండి గింజ రాలును. పండుగ తిథి పూవును వెదకుకొన్నదా, పూవును చూచి తిథి ఏర్పడినదా అను ప్రశ్న నన్ను చాలసార్లు ఆకర్షించినది గాని, దానికి ఋజువు దొరకు మార్గము లేదు గనుక అంతటితో విడుచుచున్నాను.

పేరును గూర్చి కొంత విస్తరింపవలసియున్నది, ఏలయనగా తెలుగు శాఖవారికి ముఖ్యమైన చిక్కు ఇచ్చటనే కలదు. ఓరుగల్లు ప్రాంతపు వాడుక గునుగు. వాఙ్మయమున కానవచ్చు రూపము గురుగు. శ్రీకృష్ణదేవరాయలు (పాలనము 1509–1529) ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసమున వర్షర్తువును వర్ణించుచు, ఎడతెగని జడిలో పల్లెటూరి రెడ్లు ఏమి తినుచు ఎట్లు కాలము గడుపుదురో ఒక పద్యమున చెప్పినాడు. వేడి ఆరికెల అన్నము, నూనెలో వేచిన ఆకుకూర, మంచము చెంత కుంపటి, ఇవి అందలి విషయములు. ఆ కూరలో చేరిన ఆకుల పట్టికలో మొదటిది గురుగు. దాని వెనుక చెంచలి, తుమ్మి, లేత తగిరిస, చింతచిగురు.

ఈ పద్యమును తరగతిలో బోధించు వేళ మనము సాధారణముగ పల్లెజీవన చిత్రణమును మెచ్చుకొని ముందునకు సాగుదుము. పట్టికను మరల ఒకసారి చూడుడు. చింతచిగురును విడిచినచో మిగిలిన నాలుగును ఏకవార్షికములే. నాలుగును ఎవరును విత్తకయే తొలకరికి మొలచు చేని కలుపుమొక్కలే. చెంచలి గునుగువలె తోటకూర కుటుంబమునకు చెందినది. తుమ్మి శివపూజకు తెల్లపూవునిచ్చు మొక్క. తగిరిస చేలగట్లపై పచ్చపూవులు పూచునది. రాయలు నోటికి వచ్చిన నాలుగు పేర్లను ఛందస్సునకై కూర్చలేదు. ఏ నెలలో ఏ ఆకు లేతగా నుండునో ఎరిగిన వాడే ఆ పట్టిక వ్రాయగలడు. తగిరిసకు మాత్రమే ‘లేత’ అను విశేషణము వేయుట కూడ ఊరక వేసినది కాదని నా అభిప్రాయము. ముదిరిన తగిరిస ఆకు దుర్గంధము వల్ల తినరానిది.

గురుగు, గునుగు ఒకే మొక్కయా? ఒకటియే యని నా నిశ్చయము. దానికి మూడు హేతువులు కలవు. గురుగు అను పేరుతో వృక్షనామపట్టికలలో నిర్దేశింపబడిన మొక్క సెలోషియా అర్జెంటియాయే. వానకాలపు ఆకుకూర, చేని కలుపు అను రెండు లక్షణములును కలిసివచ్చుచున్నవి. ఇక ధ్వని విషయము: ద్రవవర్ణము, అనునాసికము ఒకదాని స్థానమున ఒకటి వచ్చుట మొక్కల పేర్లలో మనకు క్రొత్త కాదు, ఒకే చెట్టును కొందరు మునగ అనియు, కొందరు ములగ అనియు అనుచునే యున్నారు. అక్కడ లకార నకారముల మార్పు, ఇక్కడ రేఫ నకారముల మార్పు. ఇంతటి విషయమును మన నిఘంటువులు తరచుగా ‘శాకవిశేషము’ అను ఒక్క మాటతో సరిపెట్టుచున్నవి. శాకవిశేషము, వృక్షవిశేషము, పుష్పవిశేషము అను ఈ మూడు మాటలు తెలుగు నిఘంటువులలో ఎన్ని మొక్కలను పూడ్చిపెట్టినవో లెక్కింపవలసిన పని ఇంకను మిగిలియున్నది.

సంస్కృత పర్యాయముల విషయమున మరియు జాగ్రత్త అవసరము. గునుగునకు సంస్కృతమున శితివారము అని కొన్ని గ్రంథములలో వ్రాయబడినది. కాని భావప్రకాశమున శితివారము సునిషణ్ణకమునకు పర్యాయము. అది నీరుగల చోట పెరుగుననియు, పులిచింతాకు వంటి ఆకులు నాలుగేసి కలదనియు అందు చెప్పబడినది. గునుగు ఆకు ఒంటరి, సన్నము; నాలుగాకుల మాట దానికి ఎంతమాత్రము పొసగదు. ఆ వర్ణనకు సరిపోవునది చెరువుటంచున తేలు ఒక చిన్న జలపర్ణి. కావున శితివారము అను పదము కనబడిన ప్రతిచోట గునుగు అని తెలుగు చేయుట ప్రమాదకరము. పండితులు కొందరు దేశిపదమునకు సంస్కృతపదము దొరికినచో తృప్తిపడుదురు. మొక్క చేతికి వచ్చినదా అని చూడరు.

ఇరుగుపొరుగు భాషలను చూచినచో ఈ మొక్క అందరికిని పరిచితమే యని తెలియుచున్నది. కన్నడమున అణ్ణె సొప్పు, తమిళమున పణ్ణైక్కీరై. సొప్పన్నను, కీరై యన్నను ఆకుకూరయే. మహారాష్ట్రులు కురడూ అని పిలిచి వానకాలమున వండుకొందురు. గురుగు, కురడూ అను రెండు పేర్ల పోలిక ఆలోచింపదగినది. దక్కను పీఠభూమిపై ఈ రెండు భాషలవారు కలసి నివసించు గ్రామములు పెక్కు గలవు. దూరదేశములకు పోయినచో, నైజీరియాలోని యొరుబా జాతివారు దీనిని షోకో అను పేర కూరకై సాగు చేయుదురు. మనము చేని కలుపు అని పెరికి పారవేయు మొక్కను పడమటి ఆఫ్రికా స్త్రీలు మళ్ళు కట్టి నీరు పోసి పెంచి అంగడిలో కట్టలుగా విక్రయింతురు. చైనా వైద్యమున దీని గింజ కంటి రోగములకు ఉపయోగింతురు.

తెలంగాణమున గునుగాకు వంటకము పూర్తిగా లోపింపలేదు. జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు విత్తక మొలచు ఆకుకూరల పేర్లు పదులకొలది చెప్పుదురు. వానిలో గునుగు ఒకటి. ఓరుగల్లు చుట్టుపట్ల వృద్ధస్త్రీలకు ఈ కూర రుచి జ్ఞాపకమున్నది గాని వారి మనుమరాండ్రకు గునుగు అనిన పూవు మాత్రమే. ఒక పదమునకు గల రెండు అర్థములలో ఒకటి ఒక తరములో జారిపోవుట ఇట్లు కన్నులయెదుట చూడవచ్చును. అర్థసంకోచమునకు ఉదాహరణములు వెదకు భాషాశాస్త్ర విద్యార్థులు దూరము పోనక్కరలేదు.

ఇచ్చట కోడిజుట్టు పూవును గూర్చి ఒక్క మాట. పెరళ్ళలో పెంచు ఎర్రని కోడిజుట్టు, సీతజడ అను పూవులు గునుగునకు అత్యంత సన్నిహిత బంధువులు. లినేయసు కోడిజుట్టునకు సెలోషియా క్రిస్టేటా అని వేరుపేరు పెట్టెను. తరువాతివారు పలువురు అది గునుగులోని ఒక భేదమే యనిరి. ఎదుగు కొన ఒక చుక్కగా నుండక వెడల్పుగా సాగి గీతవలె మారుటచే కంకి మడతలు మడతలుగ కోడి తలపైని జుట్టు రూపము పొందును. పొలములలోని గునుగు కణములలో సాధారణముగ 72 క్రోమోజోములును, తోటలలోని కోడిజుట్టులో 36 క్రోమోజోములును ఉన్నవని పరిశీలకులు లెక్కించిరి. పొలపు మొక్కకు రెట్టింపు లెక్క యున్నది గనుక నేటి గునుగునుండి తోట మొక్క నేరుగా పుట్టెననుటకు ఈ లెక్క అడ్డువచ్చుచున్నది. బతుకమ్మలో రెండును చేరును గాని పేర్చు స్త్రీలు ఎన్నడును వానిని కలిపి ఒకే పేర పిలువరు.

పండుగలో గునుగు పని ఏమి? ఇత్తడి తాంబాళమున గాని, వెదురు సిబ్బిలో గాని ఆకులు పరచి, అంచువెంట వలయములుగ పూవులు పేర్చుచు పైకి పోను పోను వలయమును చిన్నదిగ చేసి, గోపురము కట్టి, శిఖరమున పసుపు గౌరమ్మను నిలుపుదురు. ఇట్టి నిర్మాణమునకు మెత్తని పూవు పనికిరాదు. గునుగు కాడ గట్టిది, నిటారుది. కంకి పొడిది, నలగదు, వాడదు. కాడలను ఒకే పొడవున కోసి చిన్న చిన్న కట్టలుగ కట్టి, వలయముగ పేర్చి, నడుమ బోలును ఆకులతోను మిగిలిన పూలరెమ్మలతోను నింపుదురు. గోడ కట్టువారు రాయిని ఎట్లు వాడుదురో ఈ స్త్రీలు గునుగును అట్లు వాడుదురు. తంగేడు అందము నిచ్చును. ఎత్తు నిచ్చునది గునుగు. పెద్ద బతుకమ్మలు, మనిషి మోయలేనంతటివి, గునుగు లేనిదే నిలువవు.

తెలుపు కావుననే రంగు పట్టును. నీటిలో కలిపిన రంగుపొడిలో కంకికొనలను ముంచి ఎండబెట్టి, ఎరుపు, నీలము, ఆకుపచ్చ వరుసలు తీర్తురు. ముదిరి తెల్లబడిన కంకి మాత్రమే ఈ పనికి శ్రేష్ఠము. లేత గులాబికొన రంగును సరిగ పీల్చదు. ఈ భేదము ఇంటి స్త్రీలకు తెలియును. పూవులు కోయుటకు పోవునది తరచుగా మగపిల్లలు గనుక, ఏది కోయవలెనో వారికి చెప్పి పంపుదురు. హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి ఎదుట ఎంగిలిపూవుల నాడును, పద్మాక్షి గుట్ట క్రింది గుండమువద్ద నిమజ్జనము నాడును నిలిచి చూచినవారికి ఈ రంగుల వరుసలలో ఒక్కొక్క ఇంటి అలవాటు తెలిసిపోవును.

ఇప్పుడు చరిత్ర విద్యార్థులకు ఒక విషయము. బతుకమ్మను పైనుండి క్రిందికి పొరలుగ విప్పి చూడుడు. బంతి మెక్సికో ప్రాంతపు మొక్క. గుమ్మడిపూవు, గుమ్మడాకు ఎంతో దేశీయములుగ తోచును గాని, మనము కూరవండు ఆ గుమ్మడి కూడ అమెరికా ఖండమునుండి వచ్చినదే. ప్రాచీనమైనది బూడిదగుమ్మడి, దాని జాతి వేరు. కొలంబసు 1492లో సముద్రము దాటిన పిమ్మటనే, పోర్చుగీసుల ఓడలు మన తీరమునకు వచ్చుచున్న కాలముననే ఈ మొక్కలు మనకు చేరినవి. చేమంతికి చైనాదేశము పుట్టిల్లు. వీనినన్నిటిని తొలగించి చూచినచో మిగులునవి తంగేడు, గునుగు. కాకతీయుల కాలమున ఓరుగల్లు స్త్రీలు పూవులు పేర్చి ఆడియున్నచో వారి తాంబాళమున బంతి ఉండి యుండదు, గునుగు ఉండి యుండవచ్చును. పండుగ పుట్టుకను గూర్చిన కథలు పెక్కు ప్రచారమున కలవు. చోళరాజు కథ మొదలుకొని ఇటీవలి చారిత్రకోహల వరకు నేను వాని జోలికి పోను. కథలకంటె పూవులు గట్టి సాక్షులని మాత్రము చెప్పగలను. పాటలలో వచ్చు పూల పేర్లను ఈ విధముగ దేశీయములు, పరదేశీయములు అని వేరుచేసి, ఏ పాటలో ఏ పొర ఎంత యున్నదో చూచినచో పాటల ప్రాచీనతను గూర్చి కొంత వెలుగు కలుగగలదు. బంతిపూవును వర్ణించు చరణము 16వ శతాబ్దికి పూర్వపుది కాజాలదు గదా.

రైతు దృష్టి వేరు. ఆయనకు గునుగు కలుపు. ఒక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. అవి నేలలో దాగి మరుసటి తొలకరికై వేచియుండును. పైరుకు చేరవలసిన తడిని, ఎరువును అది పంచుకొనును. పూర్వము ఈ తగవునకు ఒక సర్దుబాటు ఉండెడిది. ఆషాఢ శ్రావణములలో స్త్రీలు రెండు పర్యాయములు కలుపు తీయుదురు. తీసిన గునుగులో లేతది కూరకు, ముదిరినది పశువులకు పోవును. గట్టుమీదిదానిని, సాలు చివరిదానిని విడిచిపెట్టుదురు. అది భాద్రపదమున పూయును. కలుపు తీసిన చేతులే పూవు పేర్చిన చేతులు. ఏది తీయవలెను, ఏది విడువవలెను అను నిర్ణయము ఆ చేతులలోనే ఉండెను.

రసాయనమునకు అట్టి వివేకము లేదు. మక్కజొన్న చేనిలో అట్రజిన్ చల్లినచో వెడల్పాకు మొలకలు నేలనుండి పైకి రాకమునుపే నశించును. గ్లైఫోసేటు ఆకుపచ్చ రంగుగల సమస్తమును చంపును. గట్లమీద, బాటలప్రక్కల దానిని చల్లుట పరిపాటియైనది. పత్తిసాగు విస్తరించుటతో చెల్కలలో జొన్న, కంది, పెసర కలిసి పండు పద్ధతి తగ్గినది. కూలిరేట్లు పెరుగుటచే కలుపు తీయించుట రైతుకు భారమైనది. ఈ కారణములను రైతు తప్పిదముగ లెక్కించుట అన్యాయము. కాని ఫలితము మన కన్నులయెదుటనే కలదు. పట్టణపు బజారులో పెత్రమాసనాడు గునుగు కట్టలు డబ్బుకు అమ్ముదురు. పిల్లలు గట్లవెంట తిరిగి ఉచితముగ తెచ్చు పూవు కొనవలసిన సరకైనది.

గునుగు పూర్తిగా నష్టకరమని తలచుట కూడ తొందరపాటే. జొన్న వేళ్ళను పట్టి దాని రసమును పీల్చి బ్రతుకు మల్లె అను పరాన్నమొక్క మన దేశమునను, ఆఫ్రికాలోను రైతులను బాధించుచున్నది. దాని జాతివాని గింజలను గునుగు వేరు మొలకెత్తించును గాని పోషింపదు. మొలచిన పరాన్నజీవి ఆధారము లేక చచ్చును. తూర్పు ఆఫ్రికాలో జొన్నచేని నడుమ గునుగును కలిపి పెంచి చూచిన పరిశీలకులు ఆ బెడద తగ్గుట గమనించిరి. మన పెద్దలు ఈ సంగతి ఎరిగియే గునుగును విడిచిపెట్టిరని చెప్పుటకు నేను సాహసింపను. అట్టి గొప్పలు చెప్పుట నేడు సులభమైనది. వారు పూవుకొరకు, కూరకొరకు విడిచిరి. అదియే చాలినంత కారణము.

పరిశోధక విద్యార్థులు చేయదగిన పని ఒకటి కలదు. రాక్సుబరోదొర 18వ శతాబ్ది చివర సామర్లకోటలో ఉండి కోరమాండలు తీరపు మొక్కలను వర్ణించునప్పుడు, ఆ మొక్కను తెలుగువారు ఏమందురో అడిగి వ్రాసికొనెను. పరదేశీయుడు వైద్యశాస్త్రమువాడై యుండి చేసిన ఆ పనిని తెలుగు శాఖలవారు మరింత బాగుగ చేయగలరు. ఒక్కొక్క బతుకమ్మ పాటను సేకరించునప్పుడు ఆ యింటి తాంబాళములోని పూవుల పేర్లన్నియు, ఆ యింటివారు పలికినట్లు, వ్రాసికొనవలెను. పూవునొక్కటి కాగితముల నడుమ అదిమి ఎండబెట్టి పేరు, ఊరు, తేది వ్రాసి భద్రపరుపవలెను. గునుగు దానంతట అదే ఎండు పూవు గనుక దీనికంటె సులభమైన ఆరంభము లేదు. గునుగు, గురుగు అను రెండు రూపముల సరిహద్దు ఏ ఊళ్ళ నడుమ పోవుచున్నదో పటముపై గుర్తింపవలెను. ఆకును తినువారు, తిననివారు అను భేదమును కూడ గుర్తించినచో ఆ రెండు గీతలు కలియునో లేదో తేలును. వృక్షశాస్త్ర శాఖవారి సహాయము కోరుటకు సంకోచింపనక్కరలేదు. రెండు శాఖల నడుమ దూరము ఒక ఆవరణమునకు మించదు.

బడితోటలలో గాని ఇంటి పెరటిలో గాని గునుగును నిలుపదలచువారు కంకులన్నిటిని పండుగకే కోసివేయక మొక్కకు రెండు మూడు విడిచిపెట్టవలెను. కార్తికమున కంకిని అరచేతిలో నలిపినచో పొట్టు ఎగిరి నల్లని గింజ మిగులును. దానిని ఆరబెట్టి సీసాలో నుంచి, మృగశిర కార్తెలో తొలివాన పడిన మరునాడు, నీరు నిలువని చోట, ఇసుకతో కలిపి పలుచగ చల్లి, పైన మన్ను మందముగ కప్పకుండిన చాలును.